దర్జీ చేతిరాత

దర్జీ భార్య వచ్చి గంటైంది. మాస్టారి గది తలుపు ఇంకా తెరుచుకోలేదు.

ముందుగదిలో, కిటికీ పక్క కుర్చీలో, వెనక్కి ఆనుకోకుండా అంచున కూర్చుంది ఆవిడ. శుభకార్యాలకి తప్ప బయటికి తీయని బట్టలు వేసుకుంది. ఒళ్ళో ప్రభుత్వ ముద్ర ఉన్న పొడుగాటి కవరు. అది నలగకుండా కింద ఒక అట్టముక్క పెట్టుకుంది. మాస్టారి భార్య ఇచ్చిన టీ ఎప్పుడో చల్లారి మీగడ కట్టింది.

"మాస్టారికి ఒంట్లో బాలేదా అక్కా?" అని మూడోసారి అడిగింది.

"ఏదో తలనొప్పట," అని ఈవిడ కూడా మూడోసారి అదే అబద్ధం చెప్పి, చెప్పిన వెంటనే వంటింట్లోకి తప్పుకుంది.

అక్కడ దొడ్డిగుమ్మంలో కూతురు నిలబడి ఉంది. ఆఫీసు నుంచి పరిగెత్తుకొచ్చిందేమో, చెప్పులు కూడా విడవలేదు. ఇంట్లో ఆమె పేరు ప్లీడరు. కోర్టు మెట్లు ఎక్కిన ప్లీడరేం కాదు. చిన్నప్పుడు ఊళ్ళో తగువులన్నీ నెత్తికెత్తుకుని వాదించేదని మాస్టారు పెట్టిన పేరు. పెద్దయ్యాక దొరికిన ఉద్యోగమూ అలాంటిదే. సముద్రం అవతల పేద దేశాల్లో కాన్పు కేంద్రాలు నడిపే ఒక సంస్థ తరఫున ఇక్కడి చట్టసభ సభ్యుల గుమ్మాలు ఎక్కి దిగుతుంది. జనాన్ని కూడేసి, వాళ్ళచేత ఆ సభ్యులకి ఉత్తరాలు రాయిస్తుంది.

"ఆదివారం పూట ఆఫీసేమిటే అంటే కొంప మునుగుతోందన్నావు," అంది తల్లి గొంతు తగ్గించి. "అసలు కొంప ఇక్కడ మునుగుతోంది. వెళ్ళి మీ నాన్నని బయటికి తీసుకురా. ఆవిడ మొహం చూస్తూ నాలుగో అబద్ధం ఆడడం నా వల్ల కాదు."

"ఎందుకొచ్చిందట?"

"నాకు చెప్పదట. ఆయనకే చెప్పాలట. అంత సంతోషంగా ఉందే ఆ మనిషి! అదే నేను చూడలేకపోతున్నా."

పొద్దున పళ్ళెం ముందు కూర్చుని, రెండు ముద్దలు తిని, మాస్టారు ఉన్నట్టుండి ఒక మాట అన్నారు. 'దర్జీ ఉత్తరం నేనే రాశాను. వాడు చనిపోయిన వారానికి రాశాను.' అంతే. చెయ్యి కడుక్కుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. తల్లీ కూతుళ్ళు ఇద్దరూ ఆ పళ్ళెం వంక చూస్తూ కూర్చుండిపోయారు.

ప్లీడరు తలుపు తోసింది. గడియ లేదు. మాస్టారు కిటికీ దగ్గర బల్ల ముందు, తెల్లకాగితం ఎదురుగా పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు బడిపిల్లలకి చేతిరాత నేర్పిన మనిషి. అక్షరం ఆయన వేళ్ళ కింద బుద్ధిగా కూర్చుంటుందని ఊరంతా చెప్పుకునేది. ఇవాళ కాగితం మీద రెండే వాక్యాలున్నాయి.

"ఎవరొచ్చారో తెలుసుగా?" అంది.

"గొంతు వినబడుతూనే ఉంది."

"ఇలా కూర్చుంటే వెళ్ళిపోతుందనా?"

"కాదు. ఆవిడకి ఎలా చెప్పాలో రాసుకుంటున్నా. రెండు వాక్యాలు కుదిరాయి. మూడోది రావడంలేదు."

ప్లీడరు తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "చెప్పడానికి వీల్లేదు నాన్నా."

"చెప్పకపోతే ఎలాగే?"

"ఆ కాన్పు కేంద్రాలకి ప్రభుత్వం ఇచ్చే డబ్బు మీద రేపు పదింటికి కమిటీలో ఓటు. ఐదుగురు మనవైపు, ఐదుగురు అటువైపు. మిగిలిన ఒక్క సభ్యుడూ మన నియోజకవర్గం ఆయనే. మొన్నటిదాకా మొహం కూడా చూపించని పెద్దమనిషి, ఆ ఉత్తరం చదివి మెత్తబడ్డాడు. జేబులో పెట్టుకు తిరుగుతున్నాడట. అటువైపు సభ్యుడొకాయన పేపర్లో ఏమన్నాడో చూశావుగా? ఈ ఉత్తరాలన్నీ సంస్థలు వండి వార్చినవే, ఒక్కటి దొంగదని తేలినా కట్ట మొత్తం చెత్తబుట్టలో వేయిస్తానన్నాడు."

"ఒక్కటే కదే దొంగది. మిగతా ఇరవై తొమ్మిదీ నిఖార్సైనవి. ఒక్కొక్కళ్ళ పక్కన కూర్చుని రాయించా. కొట్టివేతలు కూడా వాళ్ళవే."

"ఆ ఒక్కటే కదా నాన్నా ఆయన జేబులో ఉన్నది!"

మాస్టారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కళ్ళజోడు లేకపోతే ఆయన మొహం పసివాడి మొహంలా అయిపోతుంది. ప్లీడరుకి ఆ మొహం మీద కోపం నిలవదు. అందుకని కిటికీలోంచి బయటికి చూసింది.

"వాడు రాస్తానన్నాడే. రోజూ పొద్దున్నే మేమిద్దరం కూర్చునే బెంచీ మీద, నా చెయ్యి పట్టుకుని చెప్పాడు. వరదల్లో, డేరాలో పుట్టాడట. ఏ దేశం వాళ్ళు పంపారో తెలియని బూడిదరంగు దుప్పట్లో వాళ్ళమ్మ చుట్టిందట. ఆ దుప్పటి అంచు కుట్టు చూసి చూసి దర్జీనయ్యానన్నాడు. ఇది రాయరా, ఇంతకన్నా ఎవరు రాస్తారు అన్నా. రేపు రాస్తా, ఎల్లుండి రాస్తా అని పది రోజులు తిప్పాడు. పదకొండో రోజు బెంచీకి రాలేదు." ఆయన కాగితాన్ని పక్కకి జరిపారు. "మాటలన్నీ వాడివే. నేను చెయ్యి అరువిచ్చానంతే."

"ఇదంతా నేను ఒప్పుకుంటా. కమిటీ ఒప్పుకోదు."

"నువ్వు నన్ను అడిగి ఉంటే ఆ రోజే చెప్పేవాణ్ణి."

ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. నిజమే, ఆమె అడగలేదు. లైబ్రరీ మేడ మీద జనాన్ని కూర్చోబెట్టి, నూరు అచ్చు ఉత్తరాలకన్నా ఒక్క చేతిరాత ఉత్తరం మిన్న అని పాఠం చెప్పింది ఆమే. ఎవరి ఉత్తరం వాళ్ళే రాయాలి, మొదటి వాక్యంలోనే 'ఇది నా చేత్తో రాస్తున్నాను' అనాలి అని కాగితం పంచింది ఆమే. నియోజకవర్గానికి ముప్ఫై కావాలని గడువు పెట్టిందీ ఆమే. గడువు రోజున తండ్రి సరిగ్గా ముప్ఫై తెచ్చి చేతిలో పెడితే, దర్జీ పేరు దగ్గర ఆమె చెయ్యి ఆగింది. చనిపోకముందు రాసి ఉంటాడులే అనుకుంది. తేదీ వైపు చూడలేదు. చూస్తే కనబడుతుందని చూడలేదు.

"నువ్వు రాశావు, నేను చూడలేదు," అంది. "ఇద్దరం ఇద్దరమే. ఇప్పుడు తప్పెవరిదని తేల్చుకునే తీరిక లేదు. అక్కడ నూట పద్నాలుగు కేంద్రాలున్నాయి నాన్నా. నేనొకటి చూసొచ్చా. కరెంటు పోతే నర్సు టార్చి నోట కరుచుకుని కాన్పు చేస్తుంది. రేపు ఓటు పోతే ఆ టార్చి కూడా ఉండదు."

"అయితే ఆ ఆడమనిషిని జీవితాంతం మోసం చెయ్యమంటావా?"

"రెండు రోజులు మాట్లాడొద్దంటున్నా."

"రెండు రోజులు ఆగిన నిజాన్ని మూడో రోజు ఎవడు చెప్తాడే?"

అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. సంస్థ డైరెక్టరు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెళ్ళివారింట్లో ఉన్నట్టే ఉంటుంది.

"విన్నావా? మీ సభ్యుడాయన ఆ ఉత్తరాన్ని రేపు కమిటీలో నిలబడి చదువుతాడట! దర్జీ గారి భార్యని ముందు వరసలో కూర్చోబెట్టమన్నాడు. ఇన్నేళ్ళలో ఇలాంటి అవకాశం నాకు తగల్లేదమ్మాయ్. నువ్వే ఆవిడని దగ్గరుండి తీసుకురావాలి."

"మేడమ్, ఆ ఉత్తరం గురించి ఒక మాట..."

అవతల నిశ్శబ్దం. చాలాసేపు. ఆ నిశ్శబ్దంలో డైరెక్టరు ఎంత అర్థం చేసుకుందో ప్లీడరుకి తెలిసిపోయింది.

"ఏదైనా ఉంటే ఎల్లుండి చెప్పు," అంది డైరెక్టరు, ఈసారి పెళ్ళివారి గొంతు కాదు. "ఎల్లుండి తీరిగ్గా వింటా." ఫోను పెట్టేసింది.

ప్లీడరు తల తిప్పేసరికి మాస్టారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు పెట్టుకున్నారు. చొక్కా గుండీలు సరిచేసుకున్నారు.

"నాన్నా!"

"మూడో వాక్యం దొరికింది. తప్పుకో."

ఆమె తప్పుకోలేదు. ఆయన నెట్టలేదు. తండ్రీ కూతుళ్ళు గుమ్మంలో అలా ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా నిలబడిపోయారు. చివరికి ఆయనే పక్కగా ఒదిగి, ఆమె భుజం రాసుకుంటూ బయటికి వెళ్ళారు.

మాస్టారిని చూడగానే దర్జీ భార్య గబుక్కున లేచింది. అట్టముక్క కింద పడింది. కవరు మాత్రం వదల్లేదు.

"కూర్చోమ్మా," అన్నారాయన. "నీకొక సంగతి చెప్పాలి. నువ్వు వినేదాకా నన్ను ఆపొద్దు."

"ముందు నన్ను చెప్పనివ్వండి మాస్టారూ. గంట నుంచీ గొంతులో పెట్టుకు కూర్చున్నా." ఆవిడ నవ్వుతోంది, కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి. "మీ కాళ్ళు కడిగినా మీ రుణం తీరదు. ఆయనకి రాయడం నేర్పారు మీరు!"

మాస్టారు నోరు తెరిచారు.

"నాకొక్కదానికే తెలుసు మాస్టారూ. ఆయనకి అక్షరమ్ముక్క రాదు. చిన్నప్పుడు బడి మొహం చూడలేదు. పెళ్ళైన మర్నాడే నా చేత ఒట్టేయించుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని. కొలతలన్నీ సుద్దముక్కతో గుడ్డ మీద గీతలు. పొడుగు గీత చెయ్యి, అడ్డగీత నడుం. దుకాణం రాతకోతలన్నీ నేనే. బ్యాంకులో సంతకం కావాలంటే చేతికి కట్టు కట్టుకుని వెళ్ళి వేలిముద్ర వేసొచ్చేవాడు. నలభై ఏళ్ళు దాచాం. పిల్లలక్కూడా తెలీదు."

ప్లీడరు గోడకి ఆనుకుంది.

మాస్టారికి ఆ బెంచీ గుర్తొచ్చిందని ఆయన మొహమే చెప్పింది. రోజూ పొద్దున్నే దర్జీ పేపరు తెచ్చి ఆయన చేతిలో పెట్టేవాడు. 'కళ్ళజోడు మర్చిపోయా మాస్టారూ, మీరు చదవండి, నేను వింటా.' పదేళ్ళు రోజూ మర్చిపోయాడు. సూదిలో దారం మాత్రం కళ్ళజోడు లేకుండానే ఎక్కించేవాడు. అది చూస్తూ కూడా పదేళ్ళు ఈయనకి అనుమానం రాలేదు. పైగా, నువ్వే రాయరా, ఇంతకన్నా ఎవరు రాస్తారు అని పది రోజులు ఆ మనిషిని ఊపిరాడకుండా చేశారు.

"నిన్న ఈ కవరొచ్చింది," అని ఆవిడ కాగితం తీసి, కళ్ళు తుడుచుకుని, బడిపిల్లలా చదివింది. "'మీరు స్వయంగా, ఇంత అందమైన చేతిరాతతో రాసిన ఉత్తరం నన్ను కదిలించింది. మిమ్మల్ని కలవాలని ఉంది.' అందమైన చేతిరాతట మాస్టారూ! ఆయనది! పొద్దున్నే మీ దగ్గరికి వెళ్ళేది పేపరు కోసమనుకున్నా. పలక పట్టుకుని దొంగచాటుగా నేర్చుకుంటున్నాడని నాకేం తెలుసు? నన్ను ఆశ్చర్యపరుద్దామనుకుని ఉంటాడు. చెప్పేలోపే పోయాడు."

వంటింటి గుమ్మంలో మాస్టారి భార్య కొంగుతో నోరు మూసుకుంది.

ఇప్పుడు చెప్తారు, అనుకుంది ప్లీడరు. చెప్తే అంతా అయిపోతుంది. చెప్పకపోతే ఇంకా ఘోరం అవుతుంది. రెండిట్లో ఏది కోరుకోవాలో ఆమెకి తెలియలేదు. జీవితంలో మొదటిసారి ఏ పక్షాన వాదించాలో తెలియక నోరు మూతపడింది.

"అమ్మా, అదీ..." అన్నారు మాస్టారు.

"మీరేం చెప్పకండి. మీరు గొప్ప చెప్పుకునే మనిషి కారని నాకు తెలుసు. నాకొక్కటే కావాలి." ఆవిడ దగ్గరికొచ్చింది. "నేర్చుకునేటప్పుడు ఆయన దిద్దిన కాగితాలుంటాయిగా? ఒక్కటైనా చాలు. నా పేరు ఎప్పుడైనా రాశాడా? నలభై ఏళ్ళు ఆయన పేరు నేను రాశాను. నా పేరు ఆయన చేత్తో రాసుంటే, అది చూసుకుని బతికేస్తాను మాస్టారూ. నేర్చుకుంటూ నా పేరు రాయకుండా ఉండడు కదా?"

మాస్టారు ఆవిడ వంక చూశారు. కూతురి వంక చూశారు. నేల వంక చూశారు.

"రాశాడు," అన్నారు.

ప్లీడరు కళ్ళు మూసుకుంది.

"నోటుబుక్కు ఉంది. ఎక్కడో పెట్టాను. రేపు పొద్దున్న ఇస్తా."

దర్జీ భార్య ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆయన వాటిని వెనక్కి లాక్కోవాలని చూశారు, కుదరలేదు.

"పిన్నీ," అని ప్లీడరు ముందుకొచ్చింది. "రేపు కమిటీలో... ఆయనకి రాయడం రాదన్న సంగతి అక్కడ ఎత్తకండి. మనలో మనకే ఉండనివ్వండి."

"అదేమిటే తల్లీ? ఎందుకు చెప్పను?" ఆవిడ నిజంగానే తెల్లబోయింది. "ఇన్నాళ్ళూ సిగ్గని దాచాం. ఇప్పుడు దాచడమేమిటి? అరవయ్యేళ్ళు దాటాక నేర్చుకుని, మొట్టమొదటి ఉత్తరం ఆ తల్లుల కోసం రాశాడు. అంతకన్నా గొప్ప ఏముంది? పొద్దున ఆ సభ్యుడిగారి ఆఫీసమ్మాయి ఫోను చేస్తే అంతా చెప్పేశా. ఆ పిల్ల ఏడ్చేసింది కూడా. నేర్చుకున్న కాగితాలుంటే రేపు పట్టుకురమ్మంది. సభ్యుడుగారు అందరికీ చూపిస్తారట, పేపరువాళ్ళు ఫొటో తీసుకుంటారట." మాస్టారి వైపు తిరిగింది. "అందుకే రేపు పొద్దున్నే వస్తా మాస్టారూ. తొమ్మిదింటికల్లా."

ఆవిడ వెళ్ళిపోయింది. వీధి మలుపు దాకా కవరు గుండెలకి ఆనించుకునే నడిచింది. దారిలో ఎదురైన రొట్టెల కొట్టువాడికి కూడా ఆపి చూపించింది.

మాస్టారి భార్య చల్లారిన టీ పారబోసి, కప్పు కడిగిందే కడిగింది. ఆ తర్వాత కూతురి ముందుకొచ్చి నిలబడింది.

"ఇప్పటికైనా ఆవిడ వెనకాల పరిగెత్తు. వీధి చివర దాటి ఉండదు."

"వెళ్ళి ఏం చెప్పనమ్మా? నీ మొగుడికి రాత రాలేదు, ఆయన నీ పేరు ఎప్పుడూ రాయలేదు అని చెప్పనా? నువ్వు చెప్తావా? పద, ఇద్దరం వెళ్దాం."

తల్లి తిట్టడానికి నోరు తెరిచి, తిట్టు దొరక్క, మళ్ళీ ఆ కప్పే తీసి కడగడం మొదలుపెట్టింది.

ప్లీడరు ముందుగదిలో, ఆవిడ కూర్చున్న కుర్చీలోనే కూలబడింది. కాళ్ళ దగ్గర అట్టముక్క పడి ఉంది. డైరెక్టరుకి ఫోను చేద్దామనుకుంది, ఎల్లుండి అన్న మాట గుర్తొచ్చింది. సభ్యుడి ఇంటికి వెళ్దామనుకుంది, టార్చి కరుచుకున్న నర్సు పళ్ళు గుర్తొచ్చాయి. ఎటు తిరిగినా గోడే. ఎవరికో మేలు చెయ్యబోయి ఇంత చెడ్డగా ఇరుక్కున్నామే అని ఏడుపొచ్చింది. ఏడిచే హక్కు కూడా తనకి లేదనిపించి ఆపుకుంది.

ఎండ గోడ మీదికి ఎక్కేవేళకి మాస్టారి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. వెళ్ళి చూసింది.

బల్ల మీద ఒక పాత నోటుబుక్కు ఉంది. ఎప్పటిదో, అంచులు పసుపెక్కాయి. ఆయన బడిలో ఉన్నప్పుడు మిగిలిపోయిందయ్యుంటుంది. మాస్టారు దాని మీద వంగి ఉన్నారు. పెన్సిలు ఎడమ చేతిలో ఉంది.

మొదటి పేజీలో అక్షరాలు తాగినవాడి నడకలా పడుతూ లేస్తూ ఉన్నాయి. ఒకటి గీత దాటింది, ఒకటి తలకిందులైంది. కుడిచెయ్యి ఒళ్ళో ముడుచుకుని పడి ఉంది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ఇప్పుడు ఒక్కొక్క తప్పునీ చెమటలు కక్కుతూ కూడబెడుతున్నారు.

"నాన్నా, వద్దు," అంది. ఆ మాటలో బలం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆయన తలెత్తలేదు. పేజీ తిప్పారు. కొత్త పేజీ పైన పెన్సిలు ఆనించి, ఆగిపోయారు. పొద్దుట్నుంచీ ఆయన ఆమెని ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలిచారు.

"ప్లీడరూ, నువ్వు చెప్పు. వాళ్ళావిడ పేరు తప్పులతో రాసేవాడంటావా, సరిగ్గా రాసేవాడంటావా?"

ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"ముందు తప్పులతో," అంది. "చివరి పేజీలో సరిగ్గా."